దూరం, కోణం లెక్కించే ఫంక్షన్: దగ్గరి చోట్లన్నిటికీ 0 లేదంటే 2.2 కిలోమీటర్లు ఎందుకొస్తోంది?

పీజీ_పక్షి (మారతహళ్లి, బెంగళూరు)

అందరికీ నమస్కారం. బుర్ర వేడెక్కిపోయింది, కాస్త చూసి పెట్టండి.

బెంగళూరులో కొత్తగా దిగిన మనవాళ్లకి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) వెతుక్కోవడం ఎంత తలనొప్పో అందరికీ తెలిసిందే. అందుకని ఫ్రెండ్స్ కలిసి చిన్న యాప్ చేస్తున్నాం. పీజీ ఉన్న చోటు చెబితే చుట్టుపక్కల ఆంధ్రా మెస్‌లు, బస్ స్టాపులు, మెట్రో స్టేషన్లు దగ్గర నుంచి దూరానికి వరసగా చూపించాలి. తర్వాత అద్దె, గది సైజు, రేటింగ్ లాంటివి కూడా కలిపి "ఇలాంటి పీజీలే ఇంకేమున్నాయి" అని చూపించాలని ప్లాన్. అందుకే ఎన్ని డైమెన్షన్లున్నా పనిచేసే ఫంక్షన్ ఒకటి రాశాను. రెండు వెక్టర్లు, అంటే రెండు అంకెల వరసలు ఇస్తే దూరం, కోణం రెండూ చెబుతుంది.

దూరానికి మామూలే: తేడాల వర్గాలు కూడి వర్గమూలం. కోణానికి డాట్ ప్రాడక్ట్‌ని (ఒకే స్థానంలోని అంకెల్ని గుణించి కూడితే వచ్చేది) రెండు పొడవులతో భాగించి, వచ్చిన కొసైన్‌కి ఆర్క్‌కాస్, అంటే కొసైన్ నుంచి కోణం చెప్పే ఫంక్షన్. భూమ్మీది దూరం కోసం అక్షాంశం, రేఖాంశాలను మూడు డైమెన్షన్ల యూనిట్ వెక్టర్‌గా (పొడవు 1 ఉన్నదానిగా) మార్చి, రెండింటి మధ్య కోణాన్ని రేడియన్లలో తీసుకుని భూమి వ్యాసార్థం 6371తో గుణిస్తున్నా. బెంగళూరు, చెన్నై ఇస్తే 291 కిలోమీటర్లు వచ్చింది. మ్యాప్ మీద తిన్నగా గీత గీసినా దాదాపు అంతే. హమ్మయ్య అనుకున్నా.

చిక్కంతా దగ్గరి చోట్లతోనే. మా వీధి చివర మెస్‌కి 0. రెండు సందుల అవతల మెడికల్ షాపుకీ 0. కొంచెం దూరంగా ఉన్నవాటికి 2.20, ఇంకొన్నిటికి 3.11, కొన్నిటికి 3.81. మధ్యలో ఏమీ లేవు! 2.5 అనో 2.9 అనో ఒక్కటంటే ఒక్కటి రాదు. కొన్నిటికైతే "నాన్", అంటే అసలు సంఖ్యే కాదని వస్తోంది.

పైథాన్ లెక్కల లైబ్రరీ నంపై అర్రేలు వాడుతున్నా. డేటా పెద్దదని ఫ్లోట్32 (ఒక్కో సంఖ్యని 32 బిట్లలో దాచే రకం) పెట్టాను. ఫార్ములా తప్పైతే చెన్నైకి కూడా తప్పు రావాలి కదా?

గుంటూరు_కోడర్ (ఎలక్ట్రానిక్ సిటీ)

గోళం మీద దూరం చెప్పే హావర్‌సైన్ ఫార్ములా పెట్టు. పని అయిపోతుంది. ప్రతిదీ కొత్తగా కనిపెట్టక్కర్లేదు బ్రో.

పీజీ_పక్షి

పెట్టి చూశా అన్నా, సరిగ్గానే వస్తోంది. కానీ అది భూమికి మాత్రమే పనికొస్తుంది. నాకు కావాల్సింది ఏ డైమెన్షన్‌కైనా పనికొచ్చేది. పైగా నాదెందుకు తప్పుతోందో తెలీకపోతే నిద్ర పట్టేలా లేదు.

వేలచ్చేరి_వెక్టర్ (చెన్నై)

తమ్ముడూ, నీ పోస్టులోనే దొంగ దొరికిపోయాడు. ఆ అంకెలు ఇంకోసారి చూడు: 2.20, 3.11, 3.81.

2.20ని రూట్ 2తో గుణిస్తే 3.11. రూట్ 3తో గుణిస్తే 3.81. రూట్ 4, అంటే 2తో గుణిస్తే 4.40. నీ జాబితాలో 4.40 ఉందా? ఉంటే మిగతాది చెబుతా.

పీజీ_పక్షి

ఉందక్కా!! చాలా చోట్ల ఉంది. డేటా చూడకుండానే ఎలా చెప్పారు?

వేలచ్చేరి_వెక్టర్

అయితే అనుమానం లేదు. నీ ఫార్ములాలో తప్పు లేదు. ఆ ఫార్ములాని ఆర్క్‌కాస్‌తో, అదీ ఫ్లోట్32లో లెక్కించడమే తప్పు.

కోణం చాలా చిన్నదైతే దాని కొసైన్ 1కి అతి దగ్గరగా ఉంటుంది. ఎంత దగ్గరగా అంటే, 1 లోంచి కోణం వర్గంలో సగం తీసేస్తే ఎంతో అంత. ఫ్లోట్32లో 1కి సరిగ్గా కింద ఉన్న సంఖ్య సుమారు 0.99999994. ఈ రెండిటి మధ్య ఇంకో సంఖ్య లేదు, తేడా 2 పవర్ మైనస్ 24. అంటే నీ కొసైన్ విలువ 1 అయినా కావాలి, 0.99999994 అయినా కావాలి. మధ్యలో నిలబడడానికి మెట్టు లేదు.

ఇప్పుడు వెనక్కి లెక్కేసుకో. కోణం వర్గంలో సగం 0.0000000596 అయితే కోణం 0.000345 రేడియన్లు. 6371తో గుణించు: 2.20 కిలోమీటర్లు. ఒక మెట్టు దిగితే 2.20. రెండు మెట్లు దిగితే రూట్ 2 రెట్లు, మూడు మెట్లకి రూట్ 3 రెట్లు. అసలు దూరం ఒకటిన్నర కిలోమీటర్ కంటే తక్కువుంటే కొసైన్ రౌండ్ అయి 1 అయిపోతుంది, దూరం 0 అయిపోతుంది.

నాన్ సంగతి కూడా ఇదే. 1కి పైన ఉన్న తర్వాతి సంఖ్య 1.00000012. గుణకారాలు, కూడికల్లో రౌండింగ్ వల్ల అప్పుడప్పుడు విలువ అక్కడికి ఎక్కి కూర్చుంటుంది. కొసైన్ 1 దాటే కోణం లేదు కాబట్టి ఆర్క్‌కాస్ చేతులెత్తేస్తుంది. నంపై హెచ్చరిక ఒకటి పడేసి నాన్ ఇచ్చి ఊరుకుంటుంది. పైథాన్ మ్యాథ్ మాడ్యూల్‌లో ఉన్న ఆర్క్‌కాస్ అయితే అక్కడే ఎర్రర్ కొట్టి ఆగిపోతుంది. నన్నడిగితే అదే నయం, కనీసం తెలుస్తుంది.

చెన్నైకి బాగా వచ్చిందంటావా, 291 కిలోమీటర్లంటే కోణం సుమారు 0.0457 రేడియన్లు. అక్కడ ఒక మెట్టు తప్పినా దూరంలో తేడా 10 మీటర్ల లోపే. అందుకే నీకు అనుమానం రాలేదు.

గుంటూరు_కోడర్

ఈ మాత్రం దానికి ఇంత కథా? ఫ్లోట్64కి మార్చు. కొసైన్‌ని −1, 1 మధ్య క్లాంప్ చెయ్యి, అంటే దాటితే ఆ అంచు దగ్గరే ఆపెయ్యి. నాన్ పోతుంది, మెట్లూ పోతాయి.

వేలచ్చేరి_వెక్టర్

క్లాంప్ చేస్తే నాన్ పోయి 0 వస్తుంది, అంతే. అది రోగం దాచడమే గానీ మందు కాదు.

ఫ్లోట్64 మాట మాత్రం ఒప్పుకుంటా. అక్కడ 1 కింద మెట్టు 2 పవర్ మైనస్ 53. ఇదే లెక్క వేస్తే భూమ్మీద మొదటి మెట్టు సుమారు 9.5 సెంటీమీటర్లు. మెస్ వెతుక్కోవడానికి ధారాళంగా సరిపోతుంది. మెట్లు పోవు, కనబడనంత చిన్నవవుతాయి. ఈ యాప్ ఒక్కదాని కోసమైతే అది పెట్టుకుని పడుకోవచ్చు. కానీ అతను అడిగింది ఎక్కడైనా పనికొచ్చే ఫంక్షన్ కదా.

పాతకాపు (జయనగర్, బెంగళూరు)

బాబూ, ఈ ఆర్క్‌కాస్ రోగం మేం ఫోర్ట్రాన్ రాసే రోజుల నుంచీ ఉంది. మందు కూడా పాతదే. విలియం కహాన్ అని ఒకాయన, కంప్యూటర్లలో ఈ ఫ్లోట్ సంఖ్యల లెక్కలకి నియమాలు పెట్టిన ఐఈఈఈ 754 ప్రమాణం 1985లో రావడానికి ముఖ్య కారకుడు, 1989లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నాడు. కోణానికి ఆయన చెప్పే పద్ధతిలో ఆర్క్‌కాస్ అసలు ఉండదు.

మాటల్లో చెబుతా, కోడ్ నువ్వు రాసుకో. రెండు వెక్టర్లనూ వాటి పొడవులతో భాగించి యూనిట్ వెక్టర్లు చేసుకో. ఒకదాంట్లోంచి ఇంకోటి తీసేస్తే వచ్చే వెక్టర్ తేడా, రెండూ కూడితే వచ్చే వెక్టర్ మొత్తం; ఈ రెండిటి పొడవులూ కనుక్కో. కోణం ఇదీ:

కోణం = 2 × ఏట్యాన్2( తేడా పొడవు, మొత్తం పొడవు )

ఏట్యాన్2 అంటే రెండు అంకెలిస్తే, వాటి నిష్పత్తి టాంజెంట్‌గా ఉన్న కోణం చెప్పే ఫంక్షన్. ఎందుకో కాగితం మీద గీస్తే తెలుస్తుంది. ఒకే పొడవున్న రెండు భుజాలతో గీసిన సమాంతర చతుర్భుజం రాంబస్. మొత్తం ఒక కర్ణం, తేడా రెండో కర్ణం. రాంబస్ కర్ణాలు ఒకదాన్నొకటి లంబంగా, సగానికి కోసుకుంటాయి. మొత్తం అనే కర్ణం మనక్కావాల్సిన కోణాన్ని కూడా సరిగ్గా సగం చేస్తుంది. కాబట్టి సగం కోణానికి టాంజెంట్ అంటే తేడాలో సగం బై మొత్తంలో సగం. ఎనిమిదో తరగతి జామెట్రీ, అంతే.

చేత్తో చేసి చూపిస్తా. (3, 4), (4, 3) తీసుకో. రెండిటి పొడవూ 5. పొడవులు సమానమే కాబట్టి 5తో భాగించకుండానే సాగిపోదాం. తేడా (−1, 1), దాని పొడవు రూట్ 2. మొత్తం (7, 7), పొడవు 7 రూట్ 2. నిష్పత్తి 1/7. ఆర్క్‌ట్యాన్ 8.13 డిగ్రీలు, రెట్టింపు చేస్తే 16.26. మీ పాత పద్ధతిలో 24/25కి ఆర్క్‌కాస్ తీసినా 16.26 వస్తుంది. సరిపోయిందా?

చిన్న కోణం దగ్గర ఇది ఎందుకు తొణకదంటే, దాదాపు సమానంగా ఉన్న రెండు సంఖ్యల్ని తీసివేసేటప్పుడు కంప్యూటర్ కొత్తగా పొరపాటేమీ చెయ్యదు. నువ్విచ్చిన అంకెల్లో ఎంత కచ్చితత్వముందో అంతా జవాబులోకి వస్తుంది. 180 డిగ్రీల దగ్గర మొత్తం చిన్నదవుతుంది, అక్కడా అంతే. నిష్పత్తి 1 దాటుతుందన్న బెంగ ఉండదు కాబట్టి క్లాంప్ అక్కర్లేదు.

ఇక హావర్‌సైన్ మాట. అది కూడా ఈ సగం కోణం చుట్టమే. చిన్న దూరాలకి కొసైన్ సూత్రం కంటే అదే మేలని 1984లో సిన్నాట్ అనే ఆయన స్కై అండ్ టెలిస్కోప్ పత్రికలో రాశాడు. మన జ్యోతిష గ్రంథాల్లో ఉత్క్రమజ్య అని ఉంటుంది, ఒకటిలోంచి కొసైన్ తీసేస్తే వచ్చేది. దాంట్లో సగమే హావర్‌సైన్. సూర్యసిద్ధాంతంలో దాని పట్టిక కూడా ఉంది. వాళ్లు పట్టికలో విడిగా ఎక్కించి పెట్టుకున్నదాన్ని మీరు కొసైన్‌లోంచి తీసివేసి పోగొట్టుకుంటున్నారు!

మౌనప్రేక్షకుడు

నేను ఎప్పుడూ చదవడమే గానీ రాయను. ఒక్క సందేహం. 2 డైమెన్షన్లు కాగితం, 3 డైమెన్షన్లు గది. నాలుగో డైమెన్షన్‌లో, వందో డైమెన్షన్‌లో కోణం అంటే ఏంటండీ? కంటికి కనబడనిదాన్ని కొలవడమెలా? రాంబస్ కూడా అక్కడ గీయగలమా?

వేలచ్చేరి_వెక్టర్

గీయగలం అండి. ఎన్ని డైమెన్షన్లున్నా మీరు కొలిచేది రెండే బాణాల మధ్య. ఒకే చోట మొదలయ్యే రెండు బాణాల మీదుగా ఎప్పుడూ ఒక చదునైన తలం వెళ్తుంది. వంద డైమెన్షన్లలోంచి ఆ తలం ఒక్కటి బయటికి లాగి బల్ల మీద పరిస్తే మామూలు కోణమే కనబడుతుంది. మాస్టారు చెప్పిన రాంబస్ ఆ తలంలోనే ఉంటుంది.

ఫంక్షన్ పరీక్షించుకోవడానికి ఒక తమాషా లెక్క. అన్నీ 1లు ఉన్న వెక్టర్‌కీ, మొదటిది 1, మిగతావన్నీ సున్నాలున్న వెక్టర్‌కీ మధ్య కోణం తియ్యండి. 2 డైమెన్షన్లలో 45 డిగ్రీలు. మూడింటిలో 54.74. నాలుగింటిలో సరిగ్గా 60! వందలో 84.26. డైమెన్షన్లు పెరిగేకొద్దీ 90 వైపు జరుగుతూ పోతుంది. నీ ఫంక్షన్ నాలుగు డైమెన్షన్లకి 60 ఇవ్వకపోతే ఎక్కడో తేడా ఉన్నట్టే, పక్షీ.

మౌనప్రేక్షకుడు

ఓహ్, ఇప్పుడు అర్థమైంది. మరి కోణం 0 నుంచి 180 వరకే వస్తుందా? కాలేజీలో 360 దాకా చెప్పినట్టు గుర్తు. ఎడమకి తిరిగామా, కుడికి తిరిగామా అన్నది ఎక్కడికి పోయింది?

పాతకాపు

కాగితం మీద బాణం ఎడమకి తిరిగిందో కుడికి తిరిగిందో చెప్పొచ్చు, ఎందుకంటే నువ్వు కాగితాన్ని పైనుంచి చూస్తున్నావు. అదే కాగితం గాలిలో వేలాడుతోందనుకో. వెనక నుంచి చూసేవాడికి నీ ఎడమ వాడి కుడి. మూడు, అంతకంటే ఎక్కువ డైమెన్షన్లలో "పైనుంచి" అన్నదేదో నువ్వు విడిగా చెప్పాలి. చెప్పకపోతే 0 నుంచి 180 వరకే.

క్రాస్ ప్రాడక్ట్ పెట్టి గుర్తు కనుక్కుంటానని ఎవరైనా అంటారేమో. రెండు వెక్టర్ల క్రాస్ ప్రాడక్ట్ 3 డైమెన్షన్లలోనూ, విచిత్రంగా ఏడింటిలోనూ తప్ప ఇంకెక్కడా కుదరదు. నీ ఫంక్షన్‌లో దాన్ని దూర్చకు.

పీజీ_పక్షి

మాస్టారూ, వేలచ్చేరి అక్కా, ఇద్దరికీ దణ్ణం. రాంబస్ పద్ధతి పెట్టేశాను. ఫ్లోట్32 అలాగే ఉంచాను, కావాలనే. వీధి చివర మెస్‌కి 180 మీటర్లు వచ్చింది. నాన్ ఒక్కటి కూడా లేదు. 2.5, 2.9 అన్నీ వస్తున్నాయి. నాలుగు డైమెన్షన్ల పరీక్షకి 60.

హావర్‌సైన్ ఫ్లోట్64తో పోలిస్తే అక్కడక్కడా మీటరు తేడా ఉంది. అది ఇంకా ఆర్క్‌కాస్ దెయ్యమేనా?

వేలచ్చేరి_వెక్టర్

కాదు, అది నువ్విచ్చిన అంకెల్లోనే ఉంది. ఫ్లోట్32లో 64 నుంచి 128 మధ్య సంఖ్యలకి మెట్టు 0.0000076. బెంగళూరు రేఖాంశం 77.6 చిల్లర. మన అక్షాంశం దగ్గర ఒక డిగ్రీ రేఖాంశం అంటే 108 కిలోమీటర్లు. గుణించు, ఒక్కో మెట్టు 80 సెంటీమీటర్ల పైమాటే. తూర్పు, పడమరల్లో అంతకంటే సన్నగా నీ డేటా చెప్పలేదు, ఏ ఫార్ములా పెట్టినా సరే. అది కూడా వద్దనుకుంటే రేఖాంశాన్నీ, దాన్నుంచి చేసే యూనిట్ వెక్టర్లనీ ఫ్లోట్64లో ఉంచు. ఫోన్ జీపీఎస్ ఎలాగూ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది కాబట్టి నేనైతే పట్టించుకోను.

గుంటూరు_కోడర్

సరే, పద్ధతి బాగుంది, ఒప్పుకున్నా. కానీ ఒక మాట. ఎవరైనా సున్నా వెక్టర్ ఇస్తే? పొడవుతో భాగించడం కుదరదు. ఏం ఇస్తావ్?

పీజీ_పక్షి

0 ఇచ్చేద్దామా అన్నా?

గుంటూరు_కోడర్

వద్దు. సున్నా వెక్టర్‌కి దిక్కే లేదు, కోణమెక్కడిది? 0 ఇచ్చావంటే "ఇవి రెండూ ఒకే దిక్కు" అని అబద్ధం చెప్పినట్టు. ఇంకో చిక్కుంది. కొందరు భాగించకుండా, ఒక్కో వెక్టర్‌ని రెండోదాని పొడవుతో గుణించి ఇదే ఫార్ములా రాస్తారు. దాంట్లో సున్నా వెక్టర్ వేస్తే పైనా కిందా సున్నాలొస్తాయి. ఏట్యాన్2కి రెండు సున్నాలిస్తే చడీచప్పుడూ లేకుండా 0 ఇచ్చేస్తుంది. ముందే పొడవు సున్నానా అని చూసి ఎర్రర్ కొట్టు.

వెక్టర్ల సైజు కూడా చూసుకో. పైథాన్‌లో జిప్ పెట్టి లూప్ తిప్పితే, ఒకటి 3 అంకెలది, ఇంకోటి 4 అంకెలది ఇచ్చినా పొట్టిదాని దగ్గర ఆగిపోయి ఏదో ఒక జవాబు ఇచ్చేస్తుంది. 3.10 నుంచి జిప్‌కి స్ట్రిక్ట్ అని ఒక ఆప్షన్ ఉంది, అది పెడితే ఎర్రర్ ఇస్తుంది. నంపై అయితే ఒకే అంకె ఉన్న అర్రేని కూడా సాగదీసి లెక్క కట్టేస్తుంది.

వేలచ్చేరి_వెక్టర్

గుంటూరు గారితో నూటికి నూరుపాళ్లు ఏకీభవిస్తున్నా. ఇలాంటి రోజు కూడా వస్తుందనుకోలేదు :)

ఎంబెడ్డింగ్_అప్పారావు (వైట్‌ఫీల్డ్)

ఈ చర్చ మాకూ పనికొస్తుంది. మేం వాక్యాలను 768 డైమెన్షన్ల వెక్టర్లుగా మార్చి దగ్గరివి వెతుకుతాం. మాకు కోణంలో కాదు, దూరంలోనే నాన్ వస్తోంది. లక్షల జతలకి ఒక్కొక్కటీ తేడా తీసి వర్గం చేస్తే నెమ్మదని, మొదటిదాని పొడవు వర్గం, రెండోదాని పొడవు వర్గం కూడి రెండు డాట్ ప్రాడక్ట్‌లు తీసేసే పద్ధతి పెట్టాం. వేగం అదిరిపోయింది. దగ్గరి జతలకి మాత్రం వర్గమూలం కింద మైనస్ వస్తోంది. వెక్టర్‌కి దానితో దానికే దూరం కూడా సున్నా రావట్లేదు!

పాతకాపు

లారీని వేబ్రిడ్జి మీద పెట్టి, ఉల్లిపాయల సంచి వేస్తే ఎంత, తీస్తే ఎంత అని సంచి బరువు కనుక్కోవడం లాంటిది మీ పద్ధతి. రెండు పెద్ద అంకెలు దాదాపు సమానం, తీసివేస్తే మిగిలేది కాటా లోపమే. తేడా ముందు తీసి, వర్గం తర్వాత చేస్తే ఈ బాధ లేదు.

వేగం కావాలంటే రెండంచెల్లో చేసుకోండి. వేగంగా ఉండే పద్ధతితో దగ్గరివి ఓ వంద ఏరుకోండి, మైనస్ వస్తే సున్నా అనుకోండి. ఆ వందకి మాత్రం నేరుగా తేడా తీసి వరస పెట్టండి.

ఎంబెడ్డింగ్_అప్పారావు

ఇది చాలా బాగుంది మాస్టారూ. పైథాన్ మెషిన్ లెర్నింగ్ లైబ్రరీ సైకిట్ లెర్న్‌లో యూక్లిడియన్ దూరాల ఫంక్షన్ డాక్యుమెంటేషన్‌లోనూ ఇదే హెచ్చరిక ఉంది. అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

ఇంకో ప్రశ్న. మా టీంలో గొడవ: కోణంతో వరస పెట్టాలా, దూరంతోనా, లేక ఒకటిలోంచి కొసైన్ తీసేసి దాంతోనా?

వేలచ్చేరి_వెక్టర్

యూనిట్ వెక్టర్లైతే గొడవే అనవసరం. దూరం వర్గం అంటే రెండులోంచి రెండు కొసైన్లు తీసేసినది. కోణం పెరిగితే దూరం పెరుగుతుంది, కొసైన్ తగ్గుతుంది. మూడు పద్ధతుల్లోనూ వరస ఒక్కటే. మీకు ఏది చవకైతే అది వాడండి.

యూనిట్ వెక్టర్లు కాకపోతే మాత్రం తేడా ఉంది. పొడవుకి మీ పనిలో అర్థముంటే దూరం, లేకపోతే కోణం.

ఒక్క జాగ్రత్త. "ఒకటి మైనస్ కొసైన్"ని కొసైన్ దూరం అంటారు గానీ అది నిజమైన దూరం కాదు, మధ్యలో ఆగి వెళ్తే దారి తగ్గిపోతుంది! కాగితం మీద 0, 45, 90 డిగ్రీల్లో మూడు బాణాలు గీయండి. 0 నుంచి 45కి విలువ 0.293. 45 నుంచి 90కీ 0.293. రెండూ కలిపితే 0.586. నేరుగా 0 నుంచి 90కి వెళ్తే 1. త్రిభుజ అసమానత మీద ఆధారపడే వెతుకులాట చెట్లకి, బాల్ ట్రీ లాంటివాటికి దీన్ని ఇస్తే సరైన జవాబుల్ని తెలీకుండా వదిలేస్తాయి. కోణానికి ఆ లోపం లేదు: 45, 45 కలిస్తే 90.

ఎంబెడ్డింగ్_అప్పారావు

మేం సరిగ్గా బాల్ ట్రీకే ఇస్తున్నాం. రేపు మీటింగ్‌లో ఈ 0.586 బోర్డు మీద రాస్తా. మరి యాదృచ్ఛికంగా రెండు వెక్టర్లు తీసుకుంటే ఎప్పుడు చూసినా 88, 91 డిగ్రీలే ఎందుకొస్తాయి? ఇదీ రౌండింగ్ లోపమేనా?

వేలచ్చేరి_వెక్టర్

కాదండి, అది డైమెన్షన్ల గుణం. ఏ దిక్కుకీ మొగ్గు లేకుండా తీసిన రెండు వెక్టర్ల కొసైన్ సున్నా చుట్టూ ఉంటుంది, చెదురు సుమారు ఒకటి బై రూట్ డైమెన్షన్లు. 768కి అది 0.036, అంటే 2 డిగ్రీల చిల్లర. కాబట్టి చాలా జతలు 88కీ 92కీ మధ్యే ఉంటాయి. అక్కడ 75 డిగ్రీలు వచ్చిందంటే ఆ రెండు వాక్యాలకి గట్టి చుట్టరికం ఉన్నట్టే. 3 డైమెన్షన్ల కళ్లతో చూసి 75ని దూరం అనుకోకండి.

పీజీ_పక్షి

నా రెండో భాగానికొస్తా. ప్రతి పీజీకీ వెక్టర్: నెల అద్దె, గది చదరపు అడుగులు, ఆఫీసుకి కిలోమీటర్లు, రేటింగ్. దూరం తీస్తే అద్దె దగ్గరగా ఉన్నవే వస్తున్నాయి, ఆఫీసు ఎంత దూరమైనా సరే! 9,000 అద్దె ఉన్న మారతహళ్లి పీజీకి "ఇలాంటిదే" అని ఊరికి అవతలి కొసనున్న కెంగేరి పీజీ చూపిస్తోంది. ఇక్కణ్ణుంచి రోజూ సిల్క్ బోర్డు దాటి కెంగేరి వెళ్లొచ్చేవాడు మనిషా?

గుంటూరు_కోడర్

హహహ. అద్దెలో 500 తేడా అంటే వర్గం రెండున్నర లక్షలు. దూరంలో 20 కిలోమీటర్ల తేడా అంటే వర్గం 400. ఎవరు గెలుస్తారు? కిలోమీటర్ల బదులు మీటర్లు పెట్టు, రేపట్నుంచి అద్దెని ఎవరూ పట్టించుకోరు. యూనిట్లు మారితే జవాబు మారిపోతోందంటే ఆ దూరానికి అర్థం లేనట్టే. ప్రతి కాలమ్ లోంచి దాని సగటు తీసేసి, దాని ప్రామాణిక విచలనంతో భాగించు. తర్వాతే ఫంక్షన్‌కి ఇవ్వు.

మెమరీ అని ఫ్లోట్16కి మాత్రం వెళ్లకు. అక్కడ అతి పెద్ద సంఖ్య 65504. 256 వర్గమే 65536, అప్పుడే అనంతం అయిపోతుంది. నీ అద్దెల వర్గాల మాట దేవుడెరుగు.

పాతకాపు

దానికి ఇంకో మెట్టు పైన ఉంది. అద్దె పెరిగితే గది సైజు కూడా పెరుగుతుంది కదా. రెండూ ఒకే సంగతిని రెండుసార్లు చెబుతున్నట్టు. విడివిడిగా భాగిస్తే ఆ సంగతికి రెట్టింపు బరువు పడుతుంది. ఈ కలగలుపుని కూడా లెక్కలోకి తీసుకునేదే మహలనోబిస్ దూరం. పి. సి. మహలనోబిస్ 1936లో రాశారు. కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టింది ఆయనే. దాని బెంగళూరు కేంద్రం మైసూర్ రోడ్డులో ఉంది, నీ కెంగేరి పీజీకి వెళ్లే దారే!

అదే సంస్థలో మన సి. ఆర్. రావు గారు పనిచేశారు. 1920లో హడగలిలో పుట్టి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివి కలకత్తా వెళ్లారు. 1945లో రాసిన ఒక్క పేపర్లోనే, రెండు సంభావ్యతా పంపిణీల మధ్య దూరం ఎలా కొలవాలో కూడా చెప్పారు. రావు దూరం అని ఇప్పటికీ వాడుతున్నారు. 2023లో, 102 ఏళ్ల వయసులో పోయారు. తెలుగువాళ్లం దూరాల గురించి మాట్లాడుకుంటూ ఆయన్ని తలుచుకోకపోతే ఎలా?

కోడ్‌కి కావాల్సింది ఇంతే: కాలమ్‌ల కోవేరియన్స్ మ్యాట్రిక్స్ (ఏ కాలమ్ దేంతో కలిసి ఎంత మారుతుందో చెప్పే పట్టిక) తీసి, దాన్ని చొలెస్కీ పద్ధతిలో రెండు త్రిభుజాకార మ్యాట్రిక్స్‌ల లబ్ధంగా విడగొట్టి, కింది త్రిభుజం ఉన్నదాంతో సమీకరణాలు సాధించి వెక్టర్లను మార్చుకో. మార్చాక నీ పాత యూక్లిడ్ ఫంక్షనే మహలనోబిస్ దూరం ఇస్తుంది. ఇన్వర్స్ మాత్రం నేరుగా తియ్యకు.

మౌనప్రేక్షకుడు

ఇంకొక్కటి అడిగి మళ్లీ మౌనంలోకి పోతా. ఈ పొడవులూ దూరాలూ తీసే ఫంక్షన్లు పైథాన్‌లో రెడీమేడ్‌గా లేవా?

గుంటూరు_కోడర్

ఉన్నాయి. 3.8 నుంచి మ్యాథ్ మాడ్యూల్‌లో డిస్ట్ అని ఉంది, ఎన్ని డైమెన్షన్లకైనా. సైజులు కలవకపోతే ఎర్రర్ కూడా ఇస్తుంది. హైపాట్ కూడా అదే వెర్షన్ నుంచి రెండు కంటే ఎక్కువ అంకెలు తీసుకుంటోంది. పెద్ద అంకెల వర్గాలు పరిధి దాటి పోకుండా ముందే స్కేల్ చేసుకుంటుంది. ఒకటి పక్కన 200 సున్నాలున్న అంకెని మామూలుగా వర్గం చేస్తే ఫ్లోట్64లోనూ అనంతమే, హైపాట్‌కి ఇస్తే సరైన జవాబొస్తుంది. కోణానికి మాత్రం రెడీమేడ్ లేదు, మాస్టారు చెప్పిన లైనే రాసుకోవాలి.

పీజీ_పక్షి

స్కేలింగ్ పెట్టాక కెంగేరి పోయింది, మున్నేకొళాల, కుందలహళ్లి వస్తున్నాయి. మహలనోబిస్ ఈ వారాంతంలో. టెస్టుల్లో ఇప్పుడు ఇవి పెట్టాను: ఒకే చోటు రెండుసార్లు ఇస్తే 0, ఉత్తర ధ్రువం నుంచి దక్షిణ ధ్రువానికి 180, నాలుగు డైమెన్షన్లకి 60, సున్నా వెక్టర్‌కి ఎర్రర్, సైజు తేడాకి ఎర్రర్. అన్నీ పాస్.

యాప్ వాడిన మా రూమ్మేట్ ఒకే ఒక్క మాటన్నాడు. "మెస్ 180 మీటర్లు అని చూపిస్తోంది, మధ్యలో రింగ్ రోడ్డు ఉందిరా, ఫుట్ ఓవర్ బ్రిడ్జి దాకా పోయి దాటాలి."

గుంటూరు_కోడర్

దానికి వెక్టర్లు కాదు, రోడ్ల గ్రాఫ్ కావాలి. దాంట్లో అతి దగ్గరి దారి వెతకడానికి డైక్‌స్ట్రా పద్ధతి. కొత్త చర్చ తెరువు, అక్కడ కలుద్దాం.